రాజుగారు కుళ్ళుకున్న వేపచెట్టు

ఎండలకీ తుపాన్లకీ ఏ లోటూ లేని ఒకానొక రాజ్యంలో, సముద్రం ఒడ్డున ఉన్న రాజధానిలో, నన్ను మించిన తెలివైనవాడు లేడు. ఈ మాట నేనే చెప్పుకోవలసి వస్తోంది, ఎందుకంటే ఇంకెవరూ చెప్పలేదు. మా అమ్మని అడిగాను. ఆవిడ కూడా ‘చూద్దాంలే’ అంది.

నా పేరు తిప్పన. చండభూపాల మహారాజుగారి కొలువులో ఆయన్ని నవ్వించడానికి పెట్టుకున్న మనిషిని. రాజుగారికి నవ్వు రాని రోజు నాకు భోజనం ఆలస్యమయ్యేది. అందుకని ఆయన్ని బాగా గమనించడం అలవాటైంది. కోపం ఎక్కడ మొదలవుతుందో, ఏ పొగడ్తకి మీసం కదులుతుందో చూడగానే చెప్పగలను.

ఆ ఏడాది వేసవిలో మాత్రం ఆయనకి పట్టుకున్న జబ్బేమిటో మొదట అంతుబట్టలేదు. పొద్దున్నే కొలువుకి రాగానే తిన్నగా పడమటి కిటికీ దగ్గరికి వెళ్ళేవారు. బయటికి చూసేవారు. పెద్ద నిట్టూర్పు విడిచి వచ్చి సింహాసనం మీద కూలబడేవారు. వారం రోజులు చూశాక విషయం తెలిసింది. మహారాజుగారు ఒక వేపచెట్టుని చూసి కుళ్ళుకుంటున్నారు.

ఆయన కుళ్ళుకోవడానికి కారణం లేకపోలేదు. కోటకి తూర్పున రాజమామిడి అని ఒక చెట్టుండేది. రాజుగారి చెట్టుకి ఇనుము తగలకూడదని మా దగ్గర కట్టడి. ఎనభై ఏళ్ళుగా దాన్నుంచి ఒక్క రెమ్మ తీసినవాడు లేడు. ఆకు ఆకుని తోసుకుంటూ, గాలి దూరే సందు లేకుండా, దూదిబస్తాలా బలిసింది. కిందటి కార్తీకంలో తుపాను వచ్చినప్పుడు గాలి దాన్ని తెరచాపని పట్టినట్టు పట్టి, వేళ్ళతో సహా పెళ్ళగించి ఏనుగుశాల మీద పడేసింది. ఏనుగులు అంతకుముందే గొలుసులు తెంచుకుని వెళ్ళిపోయాయి. రాజుగారి చెట్టుని నమ్ముకోవాలని వాటికి ఎవరూ చెప్పలేదు.

అదే తుపానుకి, కోటకి పడమట గోడ పక్కనే మిట్ట మీదున్న కుమ్మరి నూకాలమ్మ ఇంటి వేపచెట్టు చలించలేదు. తెల్లారాక రెండు ఎండుపుల్లలు రాల్చి, ఏమీ జరగనట్టు నిలబడింది.

దానికి కారణం పైడన్న. మా ఊళ్ళో ఇల్లున్న ప్రతివాళ్ళకీ పెరట్లో చెట్టుండాలి, లేకపోతే వైశాఖంలో ప్రాణం నిలవదు. ఆ చెట్టే ఆశ్వయుజం వచ్చేసరికి గాలివానకి ఇంటిమీద పడుతుంది. ఈ రెండు కష్టాల మధ్యా పైడన్న తిరుగుతుంటాడు. నడుముకి కత్తి, భుజాన మోకు. కబుర్లు తక్కువ. చెట్టు కింద నిలబడి చాలాసేపు పైకి చూస్తాడు. ఎక్కి, లోపల ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్నీ, ఎండినవాటినీ, కప్పు మీదకి వాలినవాటినీ తీసేస్తాడు. పెద్ద కొమ్మయితే తాడు కట్టి, పసిపిల్లని ఉయ్యాల్లోంచి దించినట్టు దించుతాడు. అంతా అయ్యాక చూస్తే చెట్టు మునుపటిలాగే ఉంటుంది, ఎక్కడ కొట్టాడో కనపడదు. అడిగితే, గాలికి దారిచ్చాను అంటాడు.

దాచడమెందుకు, నాకు పైడన్నంటే అసూయ. నేను వీధిలో నడుస్తుంటే ఎవరూ తలెత్తి చూడరు. అతను నడిస్తే ప్రతి గుమ్మంలోంచీ ఒక పిలుపు. పైడన్నా మా మామిడి ఒకసారి చూసిపో, పైడన్నా మా బాదం పక్కింటి గోడెక్కింది, పైడన్నా ఎండలో పోతున్నావు, మజ్జిగ తాగి వెళ్ళు. నేను రోజంతా చెమటోడ్చి నవ్విస్తాను. నాకు మజ్జిగ పోసినవాళ్ళు ఒక్కరూ లేరు.

రాజుగారి కుళ్ళు ముదరడానికి మాత్రం ఓడవాళ్ళు కారణం. జ్యేష్ఠమాసంలో దూరదేశపు వర్తకుడొకడు కానుకలు పట్టుకొచ్చి, కొలువులో చేతులు కట్టుకుని, ‘వేపచెట్టు రేవు చేరడానికి నలభై రోజులు పట్టింది మహారాజా’ అన్నాడు. మా ఊరి పేరు చండభూపాలపురం. రాజుగారు స్వయంగా పెట్టుకున్న పేరు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, సముద్రం మీంచి వచ్చేవాళ్ళకి కోటకన్నా ముందు కోట వెనక తలెత్తి నూకాలమ్మ వేప కనపడుతుందట. నావికులందరికీ ఊరి గుర్తు అదేనట. చండభూపాలపురం అంటే అది ఎక్కడుంది అని అడుగుతున్నారట.

వర్తకుడు అటు వెళ్ళగానే రాజుగారు ఆజ్ఞ ఇచ్చారు. మూడోనాడు పొద్దుగుంకేలోపు ఆ వేప తల తీసెయ్యాలి. కోటగోడ కన్నా ఒక్క ఆకు ఎత్తుగా కనపడకూడదు. దాన్ని ఇన్నాళ్ళూ ముద్దుచేసిన పైడన్నే ఆ పని చెయ్యాలి.

పైడన్నని పిలిపించారు. అతను కొలువులో ఎప్పుడూ అడుగుపెట్టినవాడు కాడు, మాట కూడబలుక్కుని చెప్పాడు. తల నరికిన చెట్టు చావదట, పగబట్టినట్టు మోడు చుట్టూ సన్నటి కొమ్మల్ని గుంపుగా తోస్తుందట. వాటికి లోపల పట్టుండదు. నాలుగేళ్ళకి లావెక్కుతాయి, ఆ తర్వాత వచ్చే మొదటి తుపానుకే విరిగి నూకాలమ్మ ఇంటిమీద పడతాయి. కావాలంటే లోపల్నించి మరికాస్త పలచన చేస్తానన్నాడు.

రాజుగారు చివరిదాకా వినలేదు. “నీ కత్తి తల తియ్యకపోతే, నా గొడ్డళ్ళవాళ్ళు మొదలు తీస్తారు. నీ ఇష్టం.”

పైడన్న ‘సిత్తం’ అని తల దించుకుని వెళ్ళిపోయాడు. నిజం చెప్పొద్దూ, అతను అలా వెళ్తుంటే నా కడుపులో కాస్త చల్లగా అనిపించింది. ఇప్పుడు ఎవరు మజ్జిగ పోస్తారో చూద్దాం అనుకుంటూ వెనకాలే వెళ్ళాను. ఆ చల్లదనం నూకాలమ్మ వాకిలి దాటలేదు.

వేప కింద నేలంతా పచ్చికుండలు బోర్లించి ఉన్నాయి. వాటి మధ్య నూకాలమ్మ కూచుని ఒక కుండ అడుగుని చెక్కసుత్తితో తడుతోంది. యాభై ఏళ్ళ మనిషి. కబురు అప్పటికే చేరినట్టుంది, నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

“ఏటి బాబూ, సెట్టుని సూసి రమ్మన్నారా, నన్ను సూసి రమ్మన్నారా?”

ఊరికే వచ్చానన్నాను. ఆవిడ కుండ పక్కన పెట్టి పైకి చూసింది. పచ్చికుండ నీడలో మెల్లగా ఆరాలట. ఎండ తగిలితే ఒక్క పూటలో బీట. మా ఊరి ఎండకి ఈ చెట్టు లేకపోతే చక్రం తిప్పడం దండగ. మొగుడు పోయి పన్నెండేళ్ళయింది, అప్పట్నించీ ఇద్దరు ఆడపిల్లల్ని ఈ నీడ కిందే పెంచింది. పెద్దదానికి పని చేతికొచ్చింది. చెట్టు పోతే ముగ్గురూ ఊరు వదిలి, ఎక్కడో నీడున్న చోటు వెతుక్కోవాలి.

“అంత కోట ఎట్టుకున్నారు. ఈ సెట్టు మీద ఆయనకేటి?” అంది.

“కుళ్ళమ్మా.”

ఆవిడ నవ్వబోయింది. నా మొహం చూసి ఆపేసింది.

పైడన్న అంతసేపూ మాను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చివరికి నా వైపు తిరిగి, “మీకేదన్నా తోస్తే సెప్పండి తిప్పన్న బాబూ. నాకు సెట్లతో ఎలా మెలగాలో తెలుసు. రాజులతో తెల్దు” అన్నాడు.

పైడన్నకి చేతకానిదొకటి ఉందని, అది నాకు చేతనవునని, అతని నోటితోనే విన్నాను. నా అసూయ సగం అక్కడే కరిగిపోయింది. మిగతా సగం ఎందుకైనా మంచిదని ఉంచుకున్నాను.

రెండు రోజులు ఆ వేప విషయంలోనే తలమునకలుగా ఉన్నాను. రెండోరోజు సాయంత్రానికి ఉపాయం దొరికింది. అదేమిటో చెప్పేముందు వాచస్పతి గురించి చెప్పాలి.

వాచస్పతి మా ఆస్థాన పండితుడు. రాజుగారికి పూటకొక పొగడ్త వండి వడ్డించడం ఆయన ఉద్యోగం. ఆయన వండినవాటిలో అన్నిటికన్నా గొప్పది సూర్యుడి గురించినది. రాజుగారు రోజూ సాయంత్రం కోట మేడమీద తూర్పుముఖంగా, సముద్రపు గాలికి ఎదురుగా కూచుంటారు. ఊరంతా పడమటి ఎండకి వేగిపోతున్నా ఆ మేడమీద మాత్రం చల్లగా ఉంటుంది. దానికి వాచస్పతి ఆరేళ్ళ కిందటే కారణం కనిపెట్టాడు. సాయంకాలం అయ్యేసరికి సూర్యుడు మహారాజుగారి తేజస్సు చూసి, సిగ్గుపడి, ఆయన వీపు వెనక తల వంచుకుంటాడట. రాజుగారు అక్షరాలా నమ్మారు. రోజూ ఆ వేళకి వెనక్కి తిరక్కుండానే భుజం మీంచి చెయ్యి ఊపి, సూర్యుడికి సెలవిచ్చేవారు.

మూడోనాడు పొద్దున్నే రాజుగారి దగ్గరికి వెళ్ళాను. శత్రువు తల పడే వేళ కొలువు లేకపోతే ఏం బాగుంటుంది ప్రభూ, అన్నాను. మేడమీద అందర్నీ కూచోబెడదాం. సూర్యుడు తల వంచే వేళకే వేప కూడా తల వంచాలి. ఒక్క సాయంత్రం రెండు తలలు.

రాజుగారి మీసం కదిలింది. వాచస్పతి మొహం మాడింది. ఆ మాట తాను అనబోతుంటే నేను అనేశానని పక్కవాడితో గొణిగాడు.

“అయితే నా ఆసనం పడమటికి తిప్పించు” అన్నారు రాజుగారు.

“ఒక వేపచెట్టు కోసం తమరు తిరగడమా? తమరు ఎప్పటిలాగే కూచోండి. నేను పిట్టగోడ దగ్గర నిలబడి పడ్డ కొమ్మ పడ్డట్టు విన్నవిస్తాను.”

ఆయన ఇంకా సంతోషించారు.

సాయంత్రం మేడ నిండిపోయింది. రాజుగారు సముద్రం వైపు మొహం పెట్టి, ఒంటినిండా గంధం పూసుకుని, వెనక తెల్లగొడుగుతో కూచున్నారు. ఆయనకి ఎదురుగా మంత్రీ, పండితుడూ, సేనాపతీ, వీణ పట్టుకుని ఒక విద్వాంసుడూ. నేను పడమటి పిట్టగోడ దగ్గర చేతిలో ఎర్రగుడ్డతో నిలబడ్డాను. కింద నూకాలమ్మ వాకిట్లో కుమ్మరివీధి మనుషులు, పైన ఆకుల్లో పైడన్న.

గుడ్డ ఒకసారి ఊపాను. ఒక పెద్ద కొమ్మ ఊగి పక్కకి మాయమైంది.

“మొదటి కొమ్మ, ప్రభూ.”

ఆ సందులోంచి కత్తిలాంటి ఎండ వచ్చి వీణ విద్వాంసుడి కళ్ళలో పడింది. స్వరం తప్పింది. రాజుగారు చిటికెన వేలితో తాళం సరిచేశారు.

రెండో కొమ్మకి మంత్రిగారి బట్టతల మెరిసింది. ఆయన ఉత్తరీయం తీసి నెత్తిన వేసుకున్నాడు. మూడోదానికి వాచస్పతి కళ్ళు చికిలించి పక్కవాడి మీదకి జరిగాడు. పక్కవాడు సేనాపతి. ఆయన జరగలేదు.

నాలుగో కొమ్మకి ఎండ రాజుగారి మెడ మీద పడింది.

ఆయన భుజం మీంచి చెయ్యి ఊపి సెలవిచ్చారు. ఎండ వెళ్ళలేదు. ఇంకోసారి ఊపారు. గొడుగు పట్టేవాడు గొడుగు వంచాడు, కాని పడమటి ఎండ గొడుగు కిందనుంచి వస్తుంది. వాడు వంచుతూ వంచుతూ పోయేసరికి రాజుగారు గొడుగు వెనక దాగిపోయి కొలువుకి కనపడకుండా పోయారు. గంధం కరిగి వీపు మీద చారలు కట్టింది.

“వాచస్పతీ, సూర్యుడికి ఇవాళ ఏమొచ్చింది?” గొడుగు వెనకనుంచి అడిగారు.

“తమ విజయం చూడాలని ఆత్రపడి తలెత్తాడు ప్రభూ” అన్నాడు వాచస్పతి, అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని.

“దించమను.”

వాచస్పతి ఏదో శ్లోకం మొదలుపెట్టాడు. నేను అయిదోసారి గుడ్డ ఊపాను. ఈసారి మేడంతా పెనం అయింది. రాజుగారు దిండు తీసుకుని ఎడమవైపు జరిగారు, మళ్ళీ కుడివైపు జరిగారు. తర్వాత లేచి నిలబడ్డారు.

“ఆపించు తిప్పనా.”

“దేన్ని ప్రభూ? సూర్యుణ్ణి ఆపడం వాచస్పతిగారి పని. చెట్టు కొట్టడమైతే నేను ఆపించగలను.”

రాజుగారు గొడుగుని పక్కకి తోశారు. ఆరేళ్ళలో మొదటిసారి ఆ వేళప్పుడు వెనక్కి తిరిగారు. ఎదురుగా వేపచెట్టు, దాని మధ్య పెద్ద సందు, సందులో ఎర్రగా, ఏమాత్రం సిగ్గులేకుండా సూర్యుడు. రాజుగారు చెట్టు వైపు చూశారు. తన ఆసనం వైపు చూశారు. నేలమీద ఇంకా మిగిలిన నీడ వైపు చూశారు.

“ఈ నీడ ఆ చెట్టుదా?”

వీణ విద్వాంసుడు తీగలు బిగించుకోవడం మొదలుపెట్టాడు.

“మీకందరికీ తెలుసా?”

మంత్రిగారు దగ్గారు. సేనాపతి చెప్పులు చూసుకున్నాడు. రాజుగారికి ఎదురుగా, పడమటి ముఖంగా కూచునేవాళ్ళు, రోజూ చూస్తూనే ఉన్నారు. చెప్పడం ఎవరి ఉద్యోగమూ కాదు.

“ఆరేళ్ళుగా తమరు నూకాలమ్మ నీడలో కూచుంటున్నారు ప్రభూ. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు” అన్నాను.

రాజుగారు పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయన మొహంలో కుళ్ళు లేదు. వేడికి ఎర్రబడ్డ మొహంలో దిగులుంది. “కొట్టించేశాను కదా” అన్నారు మెల్లగా, నాతో కాదు.

అప్పుడు నేను గుడ్డని రెండు చేతులా పట్టుకుని తిప్పాను. కింద తాళ్ళు వదిలారు. మాయమైన కొమ్మలు ఒక్కొక్కటే ఊగుతూ ఎక్కడివక్కడికి వచ్చేశాయి. నీడ మొదట రాజుగారి మీద పడింది, తర్వాత వాచస్పతి మీద, మంత్రిగారి నెత్తిమీద, చివరికి వీణ మీద.

పైడన్న ఒక్క కొమ్మా కొయ్యలేదు. కొమ్మకొక తాడు కట్టి, విరక్కుండా మెల్లగా పక్కకి లాగించాడంతే. రాజుగారు కిందకి వంగి, తాళ్ళ చివర్లు పట్టుకుని భయంభయంగా నిలబడ్డ కుమ్మరివీధి వాళ్ళని చూశారు. వాళ్ళ మధ్య చేతులు జోడించి నిలబడ్డ నూకాలమ్మని చూశారు.

“అంటే నా ఆజ్ఞ దాటారన్నమాట.” నేను ఎర్రగుడ్డని వీపు వెనక దాచుకున్నాను.

“లేదు ప్రభూ. పొద్దుగుంకేలోపు అన్నారు. పొద్దు ఇంకా ఉంది. మళ్ళీ సెలవిస్తే పైడన్న కత్తి సిద్ధంగా ఉంది.”

రాజుగారు నన్ను చూశారు, చెట్టుని చూశారు. తర్వాత దిండు తానే మోసుకొచ్చి, నీడ చిక్కగా ఉన్న చోట వేసుకుని, ఈసారి పడమటి ముఖంగా కూచున్నారు.

“పొద్దు ఉంటే ఉండనీ. నా కంట్లో పడకుండా ఉంటే చాలు” అని, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వు చూసి కొలువంతా నవ్వింది. వాచస్పతి కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఆ సాయంత్రమే నాకు పట్టుశాలువా కప్పారు. ఆ వేప ఉన్నంతకాలం దాని మీద ఏ రాజూ చెయ్యి వెయ్యకూడదని నూకాలమ్మకి రాగిరేకు మీద రాయించి ఇచ్చారు. రాజుగారి చెట్టుకి ఇనుము తగలకూడదన్న కట్టడి కొట్టేసి, కోటలో మిగిలిన చెట్లన్నీ పైడన్న చేతిలో పెట్టారు. వాచస్పతిని రోజూ సాయంత్రం మేడమీద తూర్పుముఖంగా కూచోమన్నారు, సూర్యుడు ఆయన వెనక ఏం చేస్తాడో చూద్దామని.

ఆ కార్తీకంలో పెద్ద తుపాను వచ్చింది. కోటలో ఒక్క చెట్టూ పడలేదు. గాలి ఒక వైపునుంచి వచ్చి ఇంకో వైపునుంచి వెళ్ళిపోయింది. రాజుగారి కుళ్ళు పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను. మా చెట్లమీద పెట్టినంత శ్రద్ధే ఆ వేపమీదా పెడుతున్నావా, లేక దానిమీద ఇంకాస్త ఎక్కువా, అని పైడన్నని ఇప్పటికీ అడుగుతుంటారు.

నా తెలివి గురించి ఊళ్ళో కొన్నాళ్ళు చెప్పుకున్నారు. మా అమ్మ కూడా ఒప్పుకుంది. శాలువా కప్పుకుని వీధిలో తిరిగాను. అయినా పిలుపులన్నీ పైడన్నకే, మజ్జిగ అతనికే. ఇప్పుడు కోటలోంచి రాణిగారు కూడా పంపిస్తున్నారు.

ఇక దాచి లాభం లేదు. ఆ రెండు రోజులూ నేను కూచుని ఆలోచించలేదు. రెండోరోజు మధ్యాహ్నం ఎవరూ చూడకుండా ఆ వేప ఎక్కాను. గొడ్డళ్ళవాళ్ళు వస్తే ఆకుల్లోంచి దేవత గొంతుతో మాట్లాడి బెదరగొట్టాలని నా ఉపాయం. మూడో పంగ దాకా బాగానే వెళ్ళాను. అక్కడ కిందికి చూశాను. అంతే. కొమ్మని రెండు చేతులా, రెండు కాళ్ళా కావలించుకుని పొద్దువాలేదాకా ఉండిపోయాను. గొంతులోంచి దేవత కాదు కదా, పిల్లి కూడా పలకలేదు.

పైడన్న వచ్చి చూశాడు. ఎక్కి, నా నడుముకి తాడు కట్టి, నన్ను దించడానికి దారి కావాలని అడ్డొచ్చే కొమ్మల్ని తాళ్ళతో పక్కకి లాగి కట్టాడు. ఆ సందులోంచి ఎండ మేడమీద పడడమూ, రాజుగారు వీపు తడుముకుంటూ జరగడమూ, నేను గాల్లో మూటలా తిరుగుతూ చూసినవే. ఉపాయం దొరికిందని అక్కణ్ణుంచే కేకేశాను. ‘ముందు కాళ్ళు కిందెట్టండి బాబూ’ అన్నాడు పైడన్న.

కాళ్ళు సరిగ్గా కుండల మధ్యలో పెట్టాను. నాలుగు పగిలాయి. దిగుతున్నంతసేపూ ‘అమ్మా, అమ్మా’ అని ఏడ్చానట. నూకాలమ్మ తనని పిలుస్తున్నాననుకుని ‘ఇక్కడే ఉన్నాను బాబూ’ అంటూ వచ్చింది.

పైడన్న ఈ సంగతి ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు. నా అసూయలో మిగిలిన సగం కరక్కపోవడానికి కారణం అదే. అతని చోట నేనుంటే, ఆ పొద్దు గుంకేలోపే ఊరంతా చెప్పేసేవాణ్ణి.